ఎర్ర దారం కట్టిన సీసా

మా ఆయన ఎల్లప్ప నల్లా నీళ్ళ ఆఫీసులో లైన్‌మన్. ఏడాది పొడుగునా రోడ్డు మీద ఇనప మూతలు తీసి వాల్వులు తిప్పుతాడు. ఆషాఢంలో ఒక్క ఆదివారం మాత్రం హుస్సేనీ ఆలంలో మా బస్తీకి పోతరాజు. నడుముకు వేపమండలు, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కొరడా, ఒంటినిండా పసుపు. బోనాలెత్తిన ఆడవాళ్ళకు ముందు దారి చేస్తూ ఎగురుతూ పోతాడు. వాళ్ళ తాత పోతరాజు, నాయన పోతరాజు, పన్నెండేళ్ళుగా ఈయన. ఇంట్లో గిన్నె తీసి పక్కన పెట్టమంటే నడుం పట్టుకునే మనిషి, ఆ రోజు పొద్దంతా నేల మీద కాలు నిలపడు. ఆ నడుం నొప్పి ఆ రోజు ఎక్కడికి పోతుందో అమ్మవారినే అడగాలి.

పోయినేడు శివరాత్రికి ముందు, స్నానం చేసి వచ్చిన ఆయన ఎడమ పక్కటెముకల మీద తెల్లమచ్చ చూశాను. రూపాయి బిళ్ళంత ఉంది. సున్నం అంటుకుందేమోనని కొంగుతో తుడిచాను. పోలేదు. ఉగాదికల్లా అది అరచేయంత అయింది, వీపు మీద ఇంకో రెండు చిన్నవి లేచాయి. బొల్లి అన్న మాట ఇంట్లో నేనూ అనలేదు, ఆయనా అనలేదు. ఆ ఎండాకాలం కరెంటు పోయిన మధ్యాహ్నాలు కూడా ఆయన చొక్కా విప్పలేదు. చెమటతో తడిసి ముద్దవుతూ, చల్లగానే ఉందని నాతో వాదించేవాడు.

నొప్పి లేదు, దురద లేదు. ఆయన భయం ఒక్కటే. పోతరాజు ఒంటి మీద అంగీ ఉండదు, పూసిన పసుపు చెమటకు కారిపోతుంది. ఒకరోజు అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపి అన్నాడు:

"మచ్చలోడు అమ్మ ముంగట ఎగురుడేందని ఒక్కడంటే చాలు రాజమణీ. కొరడా ఇంకొకనికి ఇస్తరు. మా నాయన కొరడా."

నేను నోరున్నదాన్నే. సర్కారు బడిలో ఆయాను, రెండొందల మంది పిల్లల్ని ఒక్క అరుపుతో కూర్చోబెడతాను. ఆ రోజు మాత్రం ఆయన కంచంలో ఇంకో గరిటె పప్పు వేశానంతే. మరునాడు ఆయన్ని వరమ్మ దుకాణానికి తీసుకుపోయాను.

వరమ్మది మూలికల దుకాణం. మా సందు దాటి పెద్ద రోడ్డెక్కితే పది నిమిషాల నడక. వాళ్ళు కోమట్లు, నాలుగు తరాలుగా అదే గడప. భర్త సీతారాం సేటు పోయాక ఆమే కూర్చుంటోంది. డెబ్బై దాటాయి. కళ్ళకు పొరలొచ్చాయి, మోకాళ్ళు పట్టేశాయి, ముక్కు మాత్రం పడుచుపిల్లది. పొట్లం విప్పకుండానే లోపలేముందో చెబుతుంది. బస్తీలో బుర్ఖావాళ్ళూ బొట్టువాళ్ళూ అందరూ ఆమెను సేటమ్మా అనే పిలుస్తారు.

ఆ దుకాణానికి ఒక పద్ధతి ఉంది. మామూలు నూనెల సీసాలకు తెల్ల దారం. నల్లజీడి, చిత్రమూలం, బావంచాలు లాంటివి వేసి కాచిన వాటికి, అంటే వాడకంలో తేడా వస్తే ఒళ్ళు పుండ్లయ్యేవాటికి, మెడలో ఎర్ర దారం. ఎర్ర దారం సీసా బొటనవేలికంటే పెద్దది ఇవ్వదు. ఖాళీ సీసా తెచ్చి, మందు రాసిన చోటు చూపిస్తేనే రెండోది. మొగవాళ్ళు సిగ్గుపడితే వెనక గది ఉంది, అక్కడైనా సరే చొక్కా విప్పి తీరాలి. మా సందులో ఏ ఇంట్లోనైనా గూట్లో ఎర్ర దారం కనపడితే పిల్లలు కూడా దాన్ని ముట్టరు.

వరమ్మ మచ్చను దగ్గరగా చూసింది, వేలితో నొక్కింది. ముందు పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరుకు చూపించి చిట్టీ తెమ్మంది, అన్ని తెల్లమచ్చలూ ఒకటి కావంది. రెండు రోజుల తర్వాత ఎల్లప్ప ఒక్కడే ఆస్పత్రికి పోయి వచ్చానన్నాడు. బొల్లేనట, ఏ మందైనా వాడుకోవచ్చన్నారట, చిట్టీ ఆఫీసులో మరిచిపోయాడట. ఆయన ఆస్పత్రి గేటు కూడా చూడలేదని నాకు తరువాత తెలిసింది. నన్ను వెంటబెట్టుకుని దుకాణానికి పోయి ఆమెకు కూడా అదే చెప్పాడు. వరమ్మ నా వైపు చూసింది. నేను తల ఊపాను. నా మొహం చూసి నమ్మింది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ఇది బావంచాల నూనె. ఎండతోని కలిసి పనిచేసే మందు," అంది సీసాకు దారం చుడుతూ. "ముందుగాల మోచెయ్యి లోపట నువ్వుగింజంత రాసి రెండు రోజులు సూడు. మండకపోతేనే మచ్చకు. అగ్గిపుల్లకు దూది సుట్టి మచ్చ మీదనే అద్దాలె, అంచు దాటొద్దు. పొద్దుగాలటి ఎండల పాలు పొంగేంత సేపు కూసోని, సబ్బుతోని కడుక్కొని, అంగీ తొడుక్కో. దినం ఇడిసి దినం. మధ్యాన్నం ఎండ తగిలిందంటే తోలు ఉడుకుతది."

ఎన్నాళ్ళకు పోతుందని అడిగాడు ఎల్లప్ప. ఆరు నెలలు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు, అసలు పోకపోవచ్చు అంది. ఆ చివరి మాట ఆయనకు నచ్చలేదు. దుకాణం మెట్లు దిగుతూనే ముసలామెకు వ్యాపారం చేతకాదన్నాడు.

అయినా బుద్ధిగానే మొదలుపెట్టాడు. ఆయన డాబా మీద గోడవారగా అంగీ విప్పి కూర్చునేవాడు. నేను కింద పొయ్యి మీద పాలు పెట్టేదాన్ని. పాలు పొంగగానే "పొంగినయ్" అని కేకేస్తే లేచి కడుక్కునేవాడు. రెండు నెలలకు మచ్చ లోపల ఆవగింజల్లాంటి గోధుమరంగు చుక్కలు పుట్టాయి. మేమిద్దరం వాటిని లెక్కపెట్టుకున్నాం. పదకొండు ఉన్నాయి. ఆ రోజు పొద్దున పాలు పొంగి పొయ్యంతా పాడైనా నాకు కోపం రాలేదు.

చుక్కలు పదకొండు దగ్గరే ఆగాయి. ఆషాఢం ఆగలేదు. గోడ మీద క్యాలెండరు చూడటం, అంగీ ఎత్తి మచ్చ చూడటం, ఇదే ఆయన పని అయింది. నేను ధైర్యం చెప్పబోతే విసుక్కునేవాడు. బోనాలకు ఇంకా రెండు రోజులుందనగా మాత్రం మనిషి ఉన్నట్టుండి తేలికపడ్డాడు. ఈల వేసుకుంటూ గజ్జెలు తోముకున్నాడు. అమ్మవారే మనసు కుదుట పరిచిందనుకుని సంతోషించాను. నా తెలివి అంత తెల్లారింది.

పోతరాజు పసుపు ఏటా నేనే నూరుతాను. కొమ్ములు దంచి, నువ్వుల నూనె చుక్కలు వేసి, తాంబాళంలో మణికట్టు దాకా చెయ్యి పెట్టి పిసుకుతాను. ఆ ఆదివారం పొద్దున నేను పసుపు ముందు కూర్చుంటే ఆయన ఒక పొట్లం తెచ్చిచ్చాడు. గిర్నీలో పట్టించిన పొడి, పావుకిలో ఉంటుంది. కచ్చూరాలట, వాసన కోసమట. నాకు అంతకు ముందు రోజు వానలో తడిసి పడిశం పట్టింది. ముక్కు రెండువైపులా దిబ్బడ. గులాబీ అత్తరు పెట్టినా కిరసనాయిలు పెట్టినా నాకు ఒకటే. మొగుడు మొదటిసారి పండగ పనిలో చెయ్యి కలిపాడని మురిసిపోతూ మొత్తం పొట్లం పోసి కలిపేశాను.

చేతులు కడుక్కుని బోనం వండి, కుండకు సున్నం బొట్లు పెట్టి, వేపాకు కట్టాను. ధూపం వెయ్యబోతే మైసాక్షి లేదు. ఎనిమిదిన్నరకు వరమ్మ దుకాణానికి బయలుదేరాను. మూడు రోజుల ముసురు విడిచి ఎండ పెళపెళలాడుతోంది. పోతరాజుకు పసుపు పూసే మొగవాళ్ళు అప్పుడే మా గుమ్మం ఎక్కుతున్నారు.

వరమ్మ షట్టరు సగం తెరిచి కూర్చుని ఉంది. మైసాక్షి పొట్లం కట్టి ఇచ్చింది. నేను చెయ్యి చాచి అందుకోబోతే, పొట్లం వదిలేసి నా మణికట్టు పట్టుకుంది. చేతిని ముక్కు దగ్గరకు తెచ్చుకుంది. ఒకసారి పీల్చి, మళ్ళీ పీల్చింది.

"ఏం నూరినవ్ బిడ్డా?"

పోతరాజు పసుపు అన్నాను. ఇంకేం కలిపావని అడిగింది. కచ్చూరాలు అన్నాను.

"కచ్చూరాలు నా ముక్కుకు తెల్వదా? ఇవి బావంచాలు. ఎంత కలిపినవ్?"

పావుకిలో అని చెప్పాను. చెప్తూ ఉంటేనే ఆయన ఈల, ఆ తేలికతనం అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. వరమ్మ లేచింది. గోడ పట్టుకోకుండా ఆమె లేవడం నేనెప్పుడూ చూడలేదు. గల్లా కూడా మూయకుండా మెట్లు దిగింది. ఊరేగింపుల కోసం రోడ్డుకు అడ్డం కట్టారు, ఆటో లేదు. నా భుజం మీద చెయ్యి వేసి ఆ మోకాళ్ళతోనే నడిచింది. నడుస్తూనే చెప్పింది. చుక్క నూనెకు, పాలు పొంగేంత ఎండకే తోలు కందుతుంది. ఒళ్ళంతా పట్టించి పొద్దంతా ఎండలో ఎగిరితే రెండో రోజుకు బొబ్బలెక్కుతాయి, మూడో రోజుకు ఉడకబెట్టిన ఆలుగడ్డ పొట్టులాగా తోలు ఊడొస్తుంది. మనిషి దక్కడం కూడా అనుమానమే. చెయ్యి కొంగులో పెట్టుకోమని నాకు రెండుసార్లు చెప్పింది. నేను ఆమె కింద పడకుండా పట్టుకోవడంలో ఉన్నాను.

మా గుమ్మం ముందు డప్పులు మొదలయ్యాయి. లోపల గదిలో ఎల్లప్ప పీట మీద కూర్చుని ఉన్నాడు. ఛాతీ, వీపు, చేతులు అయిపోయాయి, మొహమూ కాళ్ళూ మిగిలాయి. ఇంకా పసుపు అంటని మొహంలో ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. వరమ్మ పూస్తున్నవాళ్ళను చేతులు బాగా కడుక్కుని నీడపట్టున ఉండమని చెప్పి పంపించింది. తలుపు వేసి, నీళ్ళూ సబ్బూ తెమ్మంది. ఎల్లప్ప మొదట కచ్చూరాలే అన్నాడు. ఆమె తాంబాళం ఎత్తి ఆయన ముక్కు కింద పెట్టింది. అప్పుడు తల దించుకున్నాడు.

"చుక్క నూనెకే పదకొండు చుక్కలొచ్చినయ్ సేటమ్మా," అన్నాడు నెమ్మదిగా. "ఇంకో దుకాణంల గింజలు కొని పట్టించిన. ఒళ్ళంత పూసుకొని, పొద్దందాక ఎండల ఉంటే, అమ్మ గూడ తోడుంటది గద, ఒక్క దినంల అంత నిండుతది అనుకున్న."

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట ఎవడో. నేను ఆ సామెతా అన్నాను, దానికి ముందూ వెనకా ఇంకా చాలా అన్నాను. అంటూనే ఆయన ఒళ్ళు కడిగాను. గట్టిగా రుద్దవద్దని వరమ్మ చెబుతూనే ఉంది. మూడుసార్లు సబ్బు పెట్టాం, మూడు బకెట్లు పసుపు నీళ్ళు పారాయి. ఆయన లేచి తుడుచుకుని గజ్జెల కోసం చెయ్యి చాచాడు. వరమ్మ వద్దంది. కడిగితే పైనది పోతుంది గానీ తోలు తాగింది తాగినట్టే ఉంటుందట. ఇవాళా, రేపూ, ఎల్లుండీ ఎండ ముఖం చూడొద్దంది.

ఆయన మొహం ఎట్లా అయిందో ఇప్పుడు కూడా చెప్పలేను. బయట డప్పు ఊపందుకుంది. "తోలు పోతే పోనీ," అని తలుపు వైపు కదిలాడు. నేను అడ్డం పడితే నన్ను పక్కకు నెట్టి తలుపు తీశాడు. అప్పుడు వరమ్మ పోయి గడప మీద కూర్చుంది. గడప మీద కూర్చోకూడదని బస్తీలో పిల్లలందరికీ చెప్పే మనిషి. రెండు చేతులూ రెండు ద్వారబంధాల మీద పెట్టింది.

"నన్ను దాటి పో ఎల్లప్పా."

పెద్దమనిషిని దాటుకుని ఎవరు పోతారు? ఆయన నిలబడిపోయాడు. ఆమె వెనక ఎండ వాకిలిలో తెల్లగా పరుచుకుని ఉంది. దాన్ని చూస్తూ ఈయన పన్నెండేళ్ళ పిల్లాడిలా ఏడ్చాడు.

ఏమైందంటూ కైలాసం వచ్చాడు. ఆర్టీసీలో కండక్టరు చేసి దిగిన మనిషి, మా బస్తీ బోనాల కమిటీకి పెద్ద. వరమ్మ గడప మీద కూర్చోవడం చూసి వాకిట్లోనే ఆగిపోయాడు. ఎల్లప్ప భుజాల మీద కప్పుకున్న తువ్వాలు తీసేశాడు. మూడు మచ్చలూ చూపించి, చేసిన పనీ చెప్పాడు. ఇక కొరడా ఎవరికిచ్చినా నోరెత్తనన్నాడు.

కైలాసం మచ్చల వైపు సరిగా చూడను కూడా లేదు.

"ఉగాదికి పైపు పగిలినప్పుడు నీ అంగీ తడిసి ఒంటికి అతుక్కుంది. నేను గప్పుడే చూసిన. బస్తీల సగం మందికి ఎరుకే. ఎవ్వడన్న ఒక్క మాటన్నడా? పొద్దున బోనాలు డప్పుతోని పోతయ్. అమ్మకు ఫలారం మోసుకపోయే బండి పొద్దుగూకినంకనే గద. అప్పుడు ఎగురు."

అంతే అని వెళ్ళిపోయాడు. నాలుగు నెలలుగా మా ఇంట్లో అన్నం సహించకుండా చేసిన భయం అది. బస్తీలో సగం మందికి తెలిసి, ఎవరికీ పట్టని సంగతి.

కిటికీకి దుప్పటి కట్టి ఆయన్ని చీకటి గదిలో కూర్చోబెట్టాం. వరమ్మ కదలనని చెప్పి తలుపు దగ్గర చాప వేసుకుంది. నేను బోనం ఎత్తుకున్నాను. చెయ్యి మళ్ళీ కడుక్కుని గుడ్డ చుట్టుకోమని ఆమె చెప్పిందో లేదో గానీ, చెప్పినా నేను వినే స్థితిలో లేను. నెత్తిన బోనం, దాన్ని పట్టుకున్న కుడిచెయ్యి పైకి. పోతరాజు లేని ఊరేగింపులో పోతరాజు పెళ్ళాన్ని నేనే ముందు నడిచాను. గుడి దాకా గంటన్నర, వరుసలో ఇంకో గంట. మొగుడి మూర్ఖత్వాన్ని దారి పొడుగునా అమ్మవారికి చెప్పుకున్నాను. నా చెయ్యి ఎండలో ఉందని ఒక్కసారి కూడా తోచలేదు.

పొద్దు గూకాక వరమ్మ తన దుకాణం నుంచి పసుపు తెప్పించింది. విప్పి వాసన చూసి, ఉత్త పసుపేనని తేల్చి, నాకిచ్చింది. ఎల్లప్ప ఆ సాయంత్రం ఫలహారం బండి ముందు ఎగిరిన ఎగురుడు బస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెమటకు పసుపు కారి మచ్చలు బయటపడ్డాయి. ఆయన తుడుచుకోనూ లేదు, దాచుకోనూ లేదు.

సోమవారం సాయంత్రానికి నా కుడిచెయ్యి మంట మొదలుపెట్టింది. మంగళవారం పొద్దున లేచేసరికి వేళ్ళ మొదటి నుంచి మణికట్టు దాకా చెయ్యి వెనకంతా బొబ్బలు. చింతగింజలంత ఒక్కొక్కటి. ఎల్లప్పే ఎండ తగలకుండా ఒళ్ళంతా దుప్పటి కప్పుకుని, ఆటోలో నన్ను పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. ఆయన ఆ గేటు లోపలికి రావడం అదే మొదటిసారి, ఎటు పోవాలో తెలియక కాపలావాణ్ణి అడిగాడు. అప్పుడు అర్థమైంది నాకు చిట్టీ సంగతి. చెయ్యి మంటలో తిట్టడానికి ఓపిక లేకపోయింది.

డాక్టరమ్మ చిన్నపిల్ల. చెయ్యి చూసి, సంగతంతా విని, కట్టు కట్టింది. ఎల్లప్ప అడిగాడు, ఇదే ఒళ్ళంతా అయితే ఏమయ్యేదని. ఆమె ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"నువ్వు ఇట్లా నడిచి వచ్చేవాడివి కాదు," అంది.

తర్వాత ఆయన మచ్చలు చూసి, చిట్టీ మీద వేరే లేపనం రాసిచ్చి, దానితో పాటు ఇంకేదీ కలిపి వాడొద్దంది. బయటికి వస్తుంటే వెనక్కి పిలిచి, గడప మీద కూర్చున్న ఆ పెద్దావిడకు తన నమస్కారం చెప్పమంది.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. మా ఇంట్లో అది ఊడే ముందరే ఆగింది. కట్టు ఉన్న పది రోజులూ ఎల్లప్ప వంట చేశాడు, బట్టలు ఉతికాడు, అన్నం కలిపి ముద్దలు చేసి నా నోట్లో పెట్టాడు. నా తల దువ్వి జడ కూడా వేశాడు. ఆ వంకర జడతోనే బడికి పోతే పిల్లలు నవ్వారు, నేను కూడా నవ్వాను. ముద్ద పెడుతూ పెడుతూ ఆయన నా కట్టు వైపు చూసి ఆగిపోయేవాడు. ఒకరోజు అన్నాడు, నా ఒళ్ళంతటికి నీ చెయ్యి జామీను పడ్డదని. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆయన నాతో అన్న మంచి మాటల్లో అది మొదటిది కాకపోయినా పెద్దది.

నా చేతి కట్టు విప్పకముందే ఇద్దరం వరమ్మ దగ్గరికి పోయాం. ఆయన ఎర్ర దారం సీసా తిరిగిచ్చి కాళ్ళకు దండం పెట్టాడు. ఆస్పత్రి చిట్టీ కూడా చూపించాడు, ఈసారి నిజంగానే. ఆమె చూపు నా చేతి మీద పడింది. ఏడ్చింది.

"వాని మీద పడి నీ చెయ్యి మరిసిన బిడ్డా. కొంగుల పెట్టుకోమని రెండుసార్లు చెప్పిన గని, పెట్టుకున్నవా లేదా సూడలే."

నేను కూడా ఏడ్చాను. నాకు చెయ్యి మిగిలింది, మొగుడు మిగిలాడు, ఇంకా ఆమె నాకు క్షమాపణ చెప్పడమేమిటి? అదే అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని, ఎల్లప్ప వైపు తిరిగి, మళ్ళీ అబద్ధం చెప్పాలనిపిస్తే ముక్కు లేని దుకాణం చూసుకోమంది. ఆ తర్వాత ఆమె పద్ధతికి ఇంకో మెలిక చేరింది. ఎర్ర దారం సీసా కావాలంటే చిట్టీ కళ్ళ ముందు పెట్టాల్సిందే, పెళ్ళాం తల ఊపితే చెల్లదు.

ఈ ఏడు బోనాలకు రెండు రోజుల ముందు ఎల్లప్ప పసుపు డబ్బా పట్టుకుని తనంతట తానే ఆమె దగ్గరికి పోయాడు. ఆమె వాసన చూసి, చిటికెడు తడిపి ఆయన మోచెయ్యి లోపల రాసి పంపింది. రెండు రోజులు చూసుకున్నాకే ఒంటికి పూసుకున్నాడు. పక్కటెముకల మీది మచ్చ సగం నిండింది. వీపువి అట్లాగే ఉన్నాయి. వాటిని ఇప్పుడు ఎవరూ లెక్కపెట్టడం లేదు.

ఊరేగింపు వరమ్మ దుకాణం ముందుకు రాగానే ఎల్లప్ప డప్పు ఆపించాడు. ఆమెకు ఇప్పుడు మోకాళ్ళు బొత్తిగా సాగవు, కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. నట్టెండలో, పసుపు కారుతున్న ఒంటితో ఆయన మెట్లెక్కి, వాళ్ళ నాయన కొరడా తీసి ఆమె గడప మీద పెట్టాడు. పోతరాజు అమ్మవారి ముందు తప్ప కొరడా దించడు. కైలాసం చూసి, డప్పులవాళ్ళను ఇంకాస్త ఆగమని చెయ్యి ఎత్తాడు.

నేను మెట్టు మీద మోకాళ్ళూని, బోనం ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో ఆ గడపకు పసుపు రాశాను. బొబ్బలు మానిన చోట చెయ్యి వెనకంతా నల్లగా మచ్చ పడింది, అది ఇక పోదట. పోనీ. రాసి లేవబోతుంటే వరమ్మ వంగి నా మణికట్టు పట్టుకుంది. పొరలు కమ్మిన ఆ కళ్ళకు నేను ఎంత కనపడ్డానో తెలియదు. చేతిని ముక్కు దగ్గరకు తెచ్చుకుని, కళ్ళు మూసుకుని, ఒకసారి పీల్చి, మళ్ళీ పీల్చింది.

"ఉత్త పసుపే," అంది.

అన్నాక కూడా నా చెయ్యి వదల్లేదు. నేను కూడా తీసుకోలేదు. నెత్తిన బోనం ఉంది, వెనక బస్తీ అంతా నిలబడి ఉంది. అయినా ఆమె వదిలేదాకా అట్లాగే మోకాళ్ళ మీద ఉన్నాను.